పసుపు లైటు కింద నీలం కారు

(ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు కర్నూలులో ఫొటోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే, అక్కడక్కడా కుదించి.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో డార్క్‌రూముల్లో ఫిల్ము కడిగిన పెద్దవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ ఎదురుగా నిలబడి లైటు గురించి మాట్లాడమంటే కొంచెం జంకుగానే ఉంది. ఏదైనా అడ్డదిడ్డంగా చెప్తే మధ్యలోనే ఆపండి, ఏమనుకోను.

మనలో ఎక్కువమందిమి పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళం. ఆషాఢం వస్తే కెమెరా బ్యాగు బీరువాలోకి పోతుంది. పోనీ ఆ నెల్లో కార్ల ఫొటోలైనా తీద్దామంటే, ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తెచ్చుకునేవాడెవడు? (నవ్వులు) ఇప్పుడు శ్రావణం. షోరూముల ముందు దండలు, నిమ్మకాయలు, కొబ్బరికాయలు మొదలయ్యాయి. ఆ ఫొటోలు మీకందరికీ అలవాటైన పనే, దాంట్లో నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పబోయేది రాత్రి ఫొటో గురించి. ఊరు సద్దుమణిగాక, వీధిలైటు కింద, ఒక మంచి కారును నిలబెట్టి తీసే ఫొటో.

కర్నూల్లో స్పోర్ట్స్ కార్లు యాడున్నాయన్నా అంటుంటారు. మన ఊరి పక్కనే పోతోంది కదా 44వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు రోడ్డున పోయే ముస్టాంగైనా, పోర్షే అయినా మన తుంగభద్ర దాటాల్సిందే. అందులో కొందరు టిఫినుకు ఆగుతారు, కొందరికి ఇక్కడ చుట్టాలుంటారు. ఇక మన పిల్లకాయలు సస్పెన్షన్ దించి, అల్లాయ్ చక్రాలు మార్చి, ర్యాప్ చేయించిన పోలోలు ఉండనే ఉన్నాయి. నా లెక్కలో అవీ స్పోర్ట్స్ కార్లే. ఓనర్ల ప్రేమతో తూచితే కొన్ని లంబోర్గినీ కంటే బరువు తూగుతాయి.

ఆ ఓనరు ఫొటో చూసి మొట్టమొదట అనే మాట ఏంటో మీకు తెలుసు. "అన్నా, నా కారు రంగు ఇది కాదు." తర్వాతి మాట, "పసుపు వచ్చేసింది, ఫొటోషాప్‌లో తీసెయ్." నా పేచీ అంతా ఆ రెండో మాటతోనే. పసుపు తీసెయ్యడమంటే కంప్యూటర్ ముందు కూర్చున్నాక చేసే పని అని మనమూ నమ్మేశాం. లైట్లోనే లేని రంగును ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. జొన్నలు పోసి మిల్లును సన్నబియ్యం అడిగితే యాడనుంచి తెస్తుంది? ఏ కారును ఏ స్తంభం కింద నిలబెడుతున్నాం అన్న దగ్గరే కరెక్షన్ సగం అయిపోవాలి.

సోడియం లైటు సంగతి చూడండి. సోడియం ఆవిరిలో కరెంటు పారితే వచ్చే వెలుతురంతా దాదాపు ఒకే చోట, 589 నానోమీటర్ల దగ్గర పోగుపడి ఉంటుంది. పొయ్యి మంటలో ఉప్పు పడితే చిటపటమని లేస్తుందే పసుపు, అదే ఇది. లో ప్రెజర్ సోడియం దీపాల్లో ఇంకో రంగన్నదే ఉండదు. మన వీధుల్లో పెట్టినవి చాలావరకు హై ప్రెజర్‌వి. ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ పసుపు గీత రెండు పక్కలా వెడల్పవుతుంది. కాస్త నారింజ, కాస్త ఎరుపు, కొద్దిగా ఆకుపచ్చ కలుస్తాయి. నీలం మాత్రం పేరుకే. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పడానికి సీఆర్ఐ అని ఒక కొలత ఉంది. పగటి వెలుతురుకు 100 అనుకుంటే ఈ దీపాలకు 20, 25. వెలుతురు ఎంత పసుపో, ఎంత నీలమో చెప్పే కెల్విన్ లెక్కలో చూస్తే 2000, 2200 మధ్య; అంకె తగ్గేకొద్దీ పసుపు ఎక్కువ.

ఇప్పుడు ఆ స్తంభం కింద నీలం ముస్టాంగును పెట్టండి. నీలం పెయింటు చేసే పనేంటి? తన మీద పడిన వెలుతురులో నీలాన్ని తిప్పికొట్టి, మిగతాది మింగెయ్యడం. పడేదాంట్లో నీలమే లేదు, పసుపేమో మింగేసింది. కారు నల్లగా వచ్చింది. మీరు లైట్‌రూమ్ అనే ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేరులో టెంపరేచర్ స్లైడర్‌ను నీలం వైపు, ఎంత ఎడమకు లాగినా ఆ నలుపులోంచి నీలి రంగు నూక మాత్రమే పైకి లేస్తుంది. అది పెయింటు కాదు, నాయిస్, అంటే వెలుతురు చాలక ఫొటోలో పుట్టే చుక్కలు.

దీనికంటే విచిత్రం పసుపు కారు. సోడియం కింద పసుపు కారూ తెల్ల కారూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుపు అన్ని రంగులనూ తిప్పికొడుతుంది, పసుపు పెయింటు పసుపును తిప్పికొడుతుంది. వచ్చేదే పసుపైతే ఇద్దరూ ఒకటే! కంటికి రెండూ పసుపే. ఇంటికొచ్చి వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల తూకం, సరిచేశారనుకోండి, రెండూ తెల్లబడతాయి. అంటే మీరు కరెక్షన్ ఎంత బాగా చేస్తే ఓనరు కారు అంత పాడవుతుంది. ఎరుపు కొంత నయం, ఇటుక రంగు వైపు జారినా లాక్కురావచ్చు. వెండి, బూడిద, తెలుపు కార్లకు అసలు భయమే లేదు, వాటికి పోయేదేం ఉంది.

ఎల్ఈడీ వచ్చాక లెక్క మారింది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధిలైట్లన్నీ ఎల్ఈడీలకు మార్చారు, 2015 జనవరి 5న వీధిలైట్ల జాతీయ పథకం మొదలైంది, ఆ తర్వాత మన మెయిన్ రోడ్లూ ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల ఉండేది నీలం చిప్పు, 450 నానోమీటర్ల దగ్గరిది. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ రెండూ కలిసి మన కంటికి తెలుపు. నీలం ఎల్ఈడీ చేసినందుకే 2014లో జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు ఫిజిక్సులో నోబెల్ ఇచ్చారు, అంత కష్టమైంది అది. మన పనికి వస్తే, దీని కింద నీలం కారు మెరిసిపోతుంది. కానీ వీధుల్లో పెట్టేవాటి సీఆర్ఐ సుమారు 70, ముదురు ఎరుపు తక్కువ. ఫెరారీ ఎరుపులాంటి కారును దాని కింద పెడితే ప్రాణం తీసినట్టు చప్పగా ఉంటుంది. పైగా చవక లైట్లయితే ఒక పిసరు ఆకుపచ్చ కలిసి వస్తుంది.

కాబట్టి ముందు కారు రంగు అడగండి, తర్వాత రోడ్డు చెప్పండి. నీలం, ఊదా, ముదురు ఆకుపచ్చ అయితే తెల్ల లైట్ల రోడ్డు. ఎరుపు, నారింజ అయితే ఇంకా పసుపు లైట్లు మిగిలిన పాత గోడౌన్ల వీధులో, యార్డుల దారులో నడిచిపోతుంది. పసుపు కారయితే మాత్రం సోడియం ఛాయలకే పోవద్దు. నేనైతే ముందురోజు రాత్రి స్కూటరు మీద ఒక చుట్టు తిరిగి వస్తా. బళ్ళారి చౌరస్తా, రాజ్‌విహార్, సి.క్యాంపు, అటునుంచి నంద్యాల చెక్‌పోస్టు. ఏ స్తంభం వెలగట్లేదు, ఏది మినుకుమంటోంది, ఎక్కడ మున్సిపాలిటీ వాళ్ళు సగం మార్చి సగం వదిలేశారు. సగం మార్చిన వీధి ఉందే, దానంత తలనొప్పి ఇంకోటి లేదు. బానెట్టు తెల్లగా, డిక్కీ పసుపుగా వస్తుంది.

కొండారెడ్డి బురుజు దగ్గర తీయాలని అందరికీ ఆశ. నాకూ అంతే. ఆ రాయి పసుపు వెలుతురులో బాగుంటుంది, అక్కడ పసుపును తీసెయ్యడమే తప్పు. చిక్కంతా చుట్టూ ఉన్న బోర్డులతో. రాత్రి పూట కారు బాడీ అంటే అద్దమే. మీరు తీసేది కారును కాదు, కారులో కనిపించే ఊరిని. ఒక తెల్ల కారు డోరు మీద చూశా, హ్యాండిల్ కింద చక్కగా ఒక ఆకుపచ్చ ప్లస్ గుర్తు. రోడ్డు అవతల మెడికల్ షాపు బోర్డు! ఓనరు దాన్ని గీత అనుకుని గోకి చూశాడు. (నవ్వులు) ఆ పచ్చను కంప్యూటర్లో తీసెయ్యాలంటే గంట పని. కారును ఒక అడుగు ముందుకు జరిపితే అర నిమిషం. రాత్రి కారు ఫొటోలో అన్నిటికంటే గొప్ప టూలు డ్రైవరు. "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు" అనడం నేర్చుకోండి. మీరు వంగి డోరు వైపు చూస్తూ ఉంటే లైటు ప్రతిబింబం షోల్డర్ లైను, అంటే అద్దాల కింద బాడీ పొడవునా సాగే మడత, దాని మీద పాకుతూ పోతుంది, ముందు చక్రం నుంచి వెనక లైటు దాకా ఒక్క గీతగా సాగిన చోట ఆపించండి.

పోలరైజర్ ఫిల్టరు వాడతారా అని అడుగుతారు. వాడతా. పెయింటు పైన క్లియర్ కోటు, ముందు అద్దం, వీటి మీది మెరుపును కోస్తుంది. ఎదురుగా నిలబడితే పని చేయదు, వాలుగా, ఓ 55 డిగ్రీల కోణంలో చూస్తే బాగా కోస్తుంది. మొత్తం కోసేస్తే మాత్రం కారు ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది, తిప్పుతూ కొంత ఉంచుకోవాలి. అన్నట్టు, మన రాయలసీమ దుమ్ము. పగలు కనపడదు, తల మీంచి ఎల్ఈడీ పడితే బానెట్టు మీద ప్రతి కణం లేచి నిలబడుతుంది. పొడిగుడ్డతో రుద్దితే వలయాలు పడతాయి, ఓనరు తంతాడు. ఇంటి దగ్గరే కడిగించుకుని రమ్మనండి.

ఇప్పుడు సెట్టింగులు. ట్రైపాడు, ఐఎస్ఓ 100, ఎఫ్8, షట్టరు ఎన్ని సెకన్లు పడితే అన్ని. రా ఫైలు, అంటే కెమెరా పట్టింది పట్టినట్టే ఉంచే ఫైలు, తప్పనిసరి. జేపెగ్‌లో సోడియంను సరిచేస్తానంటే నేను దండం పెట్టి వెళ్ళిపోతా. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, ఫ్రేము ఫ్రేముకు మనసు మార్చుకుంటుంది. కెల్విన్‌లో పెట్టండి. చాలా కెమెరాల్లో కిందికి 2500 దాకా దిగుతుంది, సోడియం అంతకంటే కింద ఉంది కాబట్టి స్క్రీను మీద ఇంకా పసుపు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఆ తర్వాత మూడు రంగుల హిస్టోగ్రామ్, అంటే ఏ రంగు ఎంత వెలుగుతో పడిందో చూపే గ్రాఫు, తెరిచి ఎరుపు ఒక్కటి చూడండి. మామూలు హిస్టోగ్రామ్ అంతా బాగుందని చెప్తున్నా ఎరుపు గోడకు గుద్దుకుని ఉంటుంది. అది పోతే తిరిగి రాదు. అలాగని భయపడి మరీ చీకటిగా తీస్తే నీలం ఛానెల్‌లో ఏమీ మిగలదు, సరిచేసేటప్పుడు నూక నూక అవుతుంది. ఎరుపు గోడకు తాకీ తాకకుండా ఉన్నంత వరకు ఎక్కించండి.

కెమెరా వెనక స్క్రీను చూసి రంగు తేల్చొద్దు. ఇది చాలామంది పట్టించుకోరు. పది నిమిషాలు సోడియం కింద నిలబడితే మన కన్ను ఆ పసుపుకు అలవాటు పడిపోతుంది, దాన్నే తెలుపు అనుకుంటుంది. ఆ కంటితో స్క్రీను చూస్తే ఉన్న పసుపు కూడా తక్కువగా కనిపిస్తుంది. పైగా చీకట్లో స్క్రీను వెలుగు ఎక్కువగా అనిపించి, ఫొటో చీకటిగా వచ్చినా బాగుందనుకుంటాం. గ్రే కార్డు, అదే రంగు సరిచూసుకునే బూడిద అట్ట, పెట్టి ఒక ఫ్రేము తీయండి. డోరు దగ్గర ఒకటి, బానెట్టు దగ్గర ఒకటి, రెండు చోట్లా లైటు వేరైతే.

ఇంకో సంగతి, కదిలే కారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకు 100 సార్లు ఉబ్బి తగ్గుతుంది. షట్టరు 1/500 పెట్టి వరసగా పది తీస్తే ఒకటి వెలుగు, ఒకటి మసక, రంగు కూడా మారుతూ ఉంటుంది. కొన్ని ఎల్ఈడీల కింద అడ్డచారలు పడతాయి. 1/100, 1/50, ఇంకా నెమ్మదిగా అయితే ఆ బాధ లేదు. కారుతో పాటు కెమెరా తిప్పుతూ తీసే ప్యానింగుకు ఎట్లాగూ 1/50, 1/25 కావాలి కాబట్టి కలిసొచ్చింది. హైవే మీద మాత్రం నిలబడి తీయకండప్పా. లారీ డ్రైవరుకు మీరు, మీ ట్రైపాడు కనపడరు. కాలనీ లోపలి ఖాళీ రోడ్డు చాలు, ఇరవై, ముప్పై స్పీడు చాలు.

హెడ్‌లైట్లు వెలిగించి ఇరవై సెకన్లు ఎక్స్‌పోజరు ఇస్తే ముందు భాగమంతా తెల్ల గుండం అవుతుంది. ఓనరును లోపల కూర్చోబెట్టి, మీరు చెప్పినప్పుడు ఒక్క సెకను వెలిగించి ఆర్పమనండి. వెనక లైటుకూ అంతే. ఎరుపు నిండిపోతే గులాబీ రంగులోకి తిరుగుతుంది.

మన లైటు తీసుకుపోతే ఎట్లా? పోవాలి. నీలం కారును సోడియం వీధిలోనే తీయాల్సి వచ్చిందనుకోండి, ఎవరిదో మేడ ముందే తీయాలని ఓనరు పట్టు. అప్పుడు రెండు దారులు. పెళ్ళిళ్ళకు వాడే ఎల్ఈడీ ట్యూబు ఉంది కదా, దాన్ని 5600 కెల్విన్ దగ్గర పెట్టి, షట్టరు తెరిచి ఉండగా కారు కంటే ఎత్తులో పట్టుకుని, పక్కనే ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. నల్ల బట్టలు వేసుకుని, ఆగకుండా. ఆగితే మీరే పడతారు ఫొటోలో. వైట్ బ్యాలెన్స్ మీ ట్యూబుకు పెట్టుకుంటే కారు నీలంగా, వెనక వీధి మండుతున్నట్టు నారింజగా వస్తుంది. చాలామందికి అది నచ్చుతుంది, నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది. రెండో దారి, ఫ్లాష్‌కు నారింజ జెల్ పేపరు కట్టడం. ఫుల్ సీటీఓ అనే ముదురు నారింజ జెల్ ఒకటి వేస్తే ఫ్లాషు 5500 కెల్విన్ కాస్తా 2900 దగ్గరకు వస్తుంది, సోడియంకు అది చాలదు. పైన ఇంకో హాఫ్ వేస్తే 2400 ప్రాంతానికి దిగుతుంది. ఇప్పుడు వీధి, ఫ్లాషు దాదాపు ఒకే రంగు. కానీ ఫ్లాషులో నీలం కొంచెమైనా ఉంది, దీపంలో లేదు. కంప్యూటర్లో రెండింటినీ కలిపి చల్లబరిస్తే, అంటే నీలం వైపు లాగితే, వీధి మామూలుగా, కారు తన రంగులో కనిపిస్తుంది. ఇది కాస్త ఓపిక పని, ఫలితం మాత్రం పగలు తీసినంత నమ్మకంగా ఉంటుంది.

కంప్యూటర్ గురించి తక్కువే చెప్తా, మీకు చెయ్యి తిరిగిన పనే. గ్రే కార్డు లేకపోతే, ఏది తెలుపో బూడిదో సాఫ్ట్‌వేరుకు చూపించే డ్రాపర్‌తో ఎక్కడ నొక్కుతున్నారో చూసుకోండి. మన రోడ్డు మీద నొక్కొద్దు, అది ఎర్రమట్టి కలిసిన రోడ్డు. టైరు పక్క భాగం మంచిది. నంబరు ప్లేటు తెలుపు కూడా, కాలిపోకుండా ఉంటే. లైట్‌రూమ్‌లో టెంపరేచర్ 2000 దగ్గర ఆగిపోతుంది, సోడియం ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. అక్కడి నుంచి మూల రంగులను సర్దే కాలిబ్రేషన్‌లోకి పోవాలి, లేదా కెమెరా ప్రొఫైలు వేరేది చేసుకోవాలి. నారింజ శాచురేషన్ మొత్తం తగ్గించేసే అలవాటు మానండి, ఇండికేటర్లు, ఓనరు మొహం, రెండూ బూడిద పట్టిపోతాయి. కలిసిన లైట్లయితే ఒకే రా ఫైలును రెండుసార్లు తెరవండి, ఒకటి పసుపుకు సరిచేసి, ఒకటి తెలుపుకు. ఒకదాని మీద ఒకటి పెట్టి మాస్కుతో కలపండి. మాస్కు అంచు బాడీ గీతల మీద పడాలి, డోరు మధ్యలో పడితే పట్టుబడతారు.

సభలో ఒక పెద్దాయన: ఫిల్ము రోజుల్లో ట్యూబులైట్లకు ఎఫ్ఎల్‌డీ ఫిల్టరు, బల్బులకు 80ఏ వేసేవాళ్ళం. సోడియంకు మాత్రం ఏదీ ఆనేది కాదు.

ఆనదు సార్. ఫిల్టరు ఉన్న రంగును ఆపుతుంది గానీ లేని రంగును పంపలేదు కదా. మీరు అప్పుడే పట్టుకున్నారు, మేం సాఫ్ట్‌వేరు చేతికొచ్చాక మరిచిపోయాం.

ఒక కుర్రాడు: అన్నా, మొత్తం పసుపు తీసెయ్యాల్నా, కొంచెం ఉంచాల్నా?

కారు మీద తీసెయ్, రోడ్డు మీద ఉంచు తమ్ముడూ. పూర్తిగా తీసేస్తే రాత్రి అని తెలీదు, మబ్బు పట్టిన సాయంత్రం తీసినట్టుంటుంది. తెల్ల కారయితే తెలుపులో కూడా ఒక పిసరు వెచ్చదనం ఉంచుతా. అది నా ఇష్టం, నీ ఓనరు ఏమంటాడో అడుగు.

ఇంకొకరు: ఫోనుతో అయితదా?

ప్రో మోడు, రా ఫైలు, కెల్విన్ లాక్ ఉన్న ఫోనయితే అవుతుంది. ట్రైపాడుకు క్లాంపు పెట్టు. నైట్ మోడు మాత్రం వద్దు. అది చాలా ఫ్రేములు కలిపి తనకు తోచిన తెలుపు వేసేస్తుంది, నీ నీలం కారు ఏ రంగో అదే చెప్తుంది.

సరే, బయట గేటు పక్కన ఒక నీలం పోలో పెట్టించాం, పైన పాత సోడియం లైటే ఉంది. ఓనరు పదింటికల్లా పోవాలంటున్నాడు. గ్రే కార్డులు, జెల్ పేపర్లు ఉన్నవాళ్ళు ముందు రండి, మిగతావాళ్ళు డోరుకు ఆనకుండా నిలబడండి, ఇప్పుడే తుడిపించాం.